మారెక్క గిన్నె మునిగేలోగా

ఇదిగో, తొట్టిలో గిన్నె పెట్టాను. దీని అడుగున సూది మొనంత బొక్క ఉంది. ఆ బొక్కలోంచి నీళ్ళెక్కి గిన్నె మునిగేలోగా నా కథ అయిపోవాలి. మా వైపు కథ మొదలుపెట్టే పద్ధతి ఇదే. మీరు ఊ కొడుతూ ఉండండి. గిన్నె సంగతి గిన్నె చూసుకుంటుంది.

ఇది మీ అవ్వకు అవ్వ పుట్టకముందు మాట. సుద్దరాళ్ళపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఏడాదికి మూడు వానలు పడితే పండగ. రెండు పడితే మంచి కాలం. ఒక్కటే పడితే, ఆ ఒక్కదాని గురించే ఏడాది పొడుగునా చెప్పుకునేవాళ్ళు. ఊరి పక్కన ఏరుంది. ఏట్లో ఇసుక ఉంది. ఇసుక మీద చుక్క నీళ్ళు లేవు, ఇసుక కింద మాత్రం ఉన్నాయి. అందుకని ఊరి పెద్దలు ఏటి ఇసుక తవ్వి, ఊటను పట్టి, ఒక కాలువ తీశారు. దాన్నే ఊటకాలువ అనేవాళ్ళు. ఆ కాలువ కింద నలభై ఇళ్ళు, నలభై మళ్ళు.

నలభై ఇళ్ళకు ఒక కాలువంటే తలలు పగలకుండా ఉంటాయా? పగలకుండా ఉండటానికే వంతులు పెట్టుకున్నారు. ఇంటికి ఆరు గిన్నెల నీళ్ళు. గిన్నె అంటే కొలిచి పోసే గిన్నె కాదండోయ్. ఇదిగో, ఇలాంటిదే, అడుగున బొక్క ఉన్న కంచు గిన్నె. నీళ్ళ తొట్టిలో వదిలితే అది మెల్లగా నిండి బుడుంగున మునుగుతుంది. అలా ఆరుసార్లు మునిగేదాకా కాలువ నీళ్ళు ఒక ఇంటివి. తరువాత పక్కింటివి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అయిదిళ్ళు. రాత్రికి కాలువ కట్టేసి ఊట నిండనిచ్చేవాళ్ళు. ఎనిమిది రోజులకు నలభై ఇళ్ళూ తడిసేవి. తొమ్మిదో రోజు తెల్లారితే, ఎవరు ఏడ్చినా ఎవరు నవ్వినా నీళ్ళు మళ్ళీ కాలువ మొదట ఉన్న తలమడికి తిరగాల్సిందే. ఆ కట్టుబాటు తాతలనాటిది.

గిన్నె చూసే మనిషిని నీరుగంటి అంటారు. ఆ కాలంలో ఆ ఊరి నీరుగంటి మారెక్క.

మారెక్కది చిన్న ప్రాణం, పెద్ద గొంతు. మొగుడు పోయాక అత్త దగ్గర ఈ పని నేర్చుకుంది. కాలువ మొదట్లో తుమ్మచెట్టు కింద రాతి తొట్టి, తొట్టిలో గిన్నె, పక్కన విసుర్రాయి, చేతిలో పార. అదే ఆమె ఇల్లూ వాకిలీ. ఒక ఇంటి వంతు ముగిసిందంటే పార తీసి బండమీద ఠంగున కొట్టేది. ఆ చప్పుడు వినపడకుండా ఎంతటివాడూ మడవ ముట్టుకోకూడదు. మడవ అంటే కాలువలోంచి మడిలోకి నీళ్ళు తిప్పుకునే గండి. మారెక్క పార మోగితే పైవాడు మడవ కట్టేవాడు, కిందవాడు మడవ తెంచేవాడు.

ఇంకో పని కూడా చేసేది. ఏ ఇంటి వంతు మొదలైతే ఆ ఇంటివాళ్ళ రాగులు తెప్పించుకుని మొదటి గిన్నె మునిగేలోగా విసిరి పెట్టేది. కూలికి గుప్పెడు పిండి తీసుకునేది. ఆమె అత్త హయాంలో ఒక గిన్నె మునిగేలోగా మూడు సోలల రాగులు విసిరేవాళ్ళు. గిన్నెకు మూడు సోలలు. మారెక్క చేతిలోనూ చాలా ఏళ్ళు అంతే నడిచింది.

ఆ తరువాత ఒక వింత జరిగింది. మారెక్కకు నడుము వంగింది, కళ్ళు మసకేశాయి, చెయ్యి మాత్రం వేగమైంది! ఒక ఏడాది మూడు సోలలూ అయ్యాక ఇంకో గుప్పెడు విసిరింది. మరుసటేడు మూడున్నర. ఆ పై ఏడు పూర్తిగా నాలుగు సోలలు. మారెక్క సంబరం చూడాలి! దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చెప్పేది.

"వయసు పోయేకొద్దీ నా చెయ్యి వేగమైతాంది మే! మీ పడుచోళ్ళు పనికిరారు నా ముందర!"

ఊళ్ళో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఏం తింటున్నావక్కా అని ఒకరడిగితే ఉలవచారు అంది. ఇంకొకరడిగితే, పొద్దున్నే ఏటి ఇసుకలో నడుస్తాను అంది. మూడో ఆమె అడిగితే, అంతా మా అత్త దీవెన అని దండం పెట్టింది. ఆ ఏడు సుద్దరాళ్ళపల్లెలో ఉలవలు దొరకలేదు. పొద్దున్నే ఏట్లో నడిచే ఆడవాళ్ళతో ఇసుకంతా అడుగుజాడలే.

ఈ సంబరం ఇట్లా ఉండగానే కాలువ కొసన ఏడుపు మొదలైంది. మొదట చివరి ఇంటికి వంతు అందలేదు. మరుసటేడు చివరి అయిదిళ్ళకు అందలేదు. ఆ పై ఏడు చివరి పది ఇళ్ళకూ అందలేదు. ముప్పయ్యో ఇంటి వంతు అయ్యేసరికే ఎనిమిదో రోజు పొద్దు గూకేది. తెల్లారితే నీళ్ళు తలమడికి తిరిగేవి. కొసమళ్ళు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండేవి.

"నీళ్ళు తల చూసినాయి, నడుము చూసినాయి, కొస చూడలేదు," అని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఆ మాట రాజుగారి దాకా పోయింది. ఆయన నీళ్ళ వ్యవహారం చూసే పారుపత్యగాణ్ణి పంపాడు. వచ్చినవాడు చెడ్డవాడేం కాదు. పనిమంతుడు. ఏట్లో మూడు చోట్ల కట్టె దిగేశాడు, మూడుసార్లు తల పంకించాడు, మూడు తాటాకులు నిండా రాయించాడు. తుమ్మచెట్టు కింద ఊరిని కూర్చోబెట్టి చెప్పాడు.

"ఏట్లో ఊట తగ్గిపోయింది. నలభై ఇళ్ళకు ఈ నీళ్ళు చాలవు. ఉన్న నీళ్ళు ముప్పై ఇళ్ళకు రాస్తాను. కొస పది ఇళ్ళవాళ్ళూ ఏటి అవతలి బంజరుకు పోయి బతకాలి."

కొసమడి సంజమ్మ లేచి నిలబడింది. ముసలామె. ఎప్పుడో చెయ్యి విరిగి అతుక్కుంది, ఆ మణికట్టు ఇప్పటికీ సరిగ్గా తిరగదు.

"ఆ బంజర్లో తొండలు గుడ్లు పెట్టవు సామీ. మేమేం పెట్టుకుని బతకాల?"

పారుపత్యగాడికి జాలేసింది. మూడు వంతులు గడువిచ్చాడు. మూడు వంతులంటే మూడు ఎనిమిదులు, ఇరవైనాలుగు రోజులు. ఆలోగా నీళ్ళు కొసకు చేరితే సరి, చేరకపోతే తాటాకు మీద రాసిందే ఖాయం అన్నాడు.

మారెక్కకు తల కొట్టేసినట్టయింది. నీరుగంటి తాను. తన చేతి కింద పది పొయ్యిలు ఆరిపోతే ఇంక ఆ పార పట్టుకుని ఏం లాభం? నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో పట్టుకుని తీరాలనుకుంది.

మొదటి వంతులో, గిన్నెకు గిన్నెకు నడుమ కాలువ పొడుగునా నడిచింది. గట్లలో ఎండ్రకాయలు చేసిన బొక్కలు కనబడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు. ప్రతి బొక్కనూ బంకమట్టితో పూడ్చింది. కాలువ నిండుగా పారింది. తలమళ్ళవాళ్ళు ఆహా అన్నారు. ఎనిమిదో రోజు పొద్దు గూకింది. నీళ్ళు తల చూసినాయి, నడుము చూసినాయి, కొస చూడలేదు.

రెండో వంతులో ఊరినంతా ఏట్లోకి దించింది. ఆడా మగా గంపలెత్తి ఊట దగ్గర పేరుకున్న ఇసుక తీశారు. తలమడి సిద్దన్న అయితే ఒక్కడే ముగ్గురి పాటు తవ్వాడు. కడుపు పెద్దది, మనసూ పెద్దదే ఆయనకి. ఊట బుడబుడమంది. కాలువ ఒరుసుకుని పారింది. ఎనిమిదో రోజు పొద్దు గూకింది. నీళ్ళు తల చూసినాయి, నడుము చూసినాయి, కొస చూడలేదు.

మారెక్కకు మతి పోయింది. కాలువలో ఇన్ని నీళ్ళున్నాయి, కొసకు ఒక్క చుక్క పోవడం లేదు. ఇదేం మాయ?

మూడో వంతు వచ్చింది. ఆరో రోజు సంజమ్మ నెత్తిన చిన్న మూటతో తుమ్మచెట్టు కిందికి వచ్చింది.

"ఏమత్తా, ఇంత దూరం వచ్చినావు?" అంది మారెక్క.

"నాలుగు సోలలు మిగిలినాయి మే. బంజరుకు పోయేటప్పుడు దోవలోకి పిండి కావాల గదా. మా వంతు ఎట్లాగూ రాదు. నా రాగులు నేనే తెచ్చినా."

ఆ మాటకు మారెక్క గుండె నీరైపోయింది. మూట అందుకోబోయింది. సంజమ్మ ఇవ్వలేదు.

"ఇసుక తవ్వి నీ చేతులు బొబ్బలెక్కినాయి. నువ్వు కూర్చో. నేను విసురుకుంటా."

మారెక్క గిన్నె తొట్టిలో వదిలింది. సంజమ్మ రాయి తిప్పింది. ఆ తిప్పడం కూడా ఏం తిప్పడం! నాలుగు చుట్లకొకసారి ఆగి మణికట్టు ఒత్తుకుంటుంది. మళ్ళీ తిప్పుతుంది. మధ్యలో మనవరాలి ముచ్చట చెబుతుంది. మారెక్క వింటూ వింటూ గిన్నె వైపు చూసింది. గిన్నె తేలుతూనే ఉంది. సంజమ్మ ఒక సోల విసిరింది. రెండు విసిరింది. మూడు విసిరింది. గిన్నె తేలుతూనే ఉంది. నాలుగో సోల కూడా అయిపోయింది. సంజమ్మ కొంగుతో పిండి ఎత్తుకుంటుంటే అప్పుడు మునిగింది.

"నువ్వూ ఉలవచారే తాగుతాండావా అత్తా?" అంది మారెక్క.

"ఉలవలు యాడివి మే? మడి ఎండి మూడేండ్లాయె."

మారెక్క లెక్క చూసుకుంది. సంజమ్మ చెయ్యి అవిటిది. అవిటి చెయ్యి నాలుగు సోలలు విసిరిందంటే తన చెయ్యి వేగమవడం ఏనాటి మాట? తన చెయ్యి ఉన్నట్టే ఉంది. గిన్నె నిదానమైంది!

గిన్నె తీసి వెలుతురుకు ఎత్తి పట్టింది. అడుగున బొక్క ఉండాల్సినచోట పసుపు గడ్డ. నడుమ వెంట్రుకంత సందు.

అది ఎలా వచ్చిందంటారా? ఊరిదే ఆ పుణ్యమంతా. అంతకు చాలా ఏళ్ళ ముందు ఒక ఏడు పంట విరగ పండింది. సిద్దన్నకు ఆనందం పట్టలేక, ఈ గిన్నె చలవే అని దాని అంచుకు పసుపు బొట్టు పెట్టాడు. అది చూసి పక్కింటివాడు పెట్టాడు. ఇంకేముంది, వంతు వచ్చిన ప్రతివాడూ గిన్నెకు బొట్టు పెట్టి దండం పెట్టడం మొదలైంది. ఆ పసుపు నీళ్ళలో కరిగి, కాలువ సుద్దతో కలిసి, అడుగున పేరుకుంది. ఏడాదికింత, ఏడాదికింత. పని నేర్పిన సొంత అత్త ఒకప్పుడు చెప్పింది, "గిన్నెను ఇసుకేసి తోమొద్దు మే, బొక్క పెద్దదైతాది" అని. మారెక్క ఆ మాట జవదాటలేదు. తోమలేదు. తోమొద్దంది గానీ అత్త కడగొద్దనలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది. అత్త ప్రతి పున్నానికీ గిన్నెను చింతపండు నీళ్ళలో నానబెట్టడం కూడా గుర్తొచ్చింది.

ఇప్పుడు చూడండి మారెక్క అవస్థ. ఊళ్ళో ఒక కట్టుబాటుంది. గిన్నె తప్పిన నీరుగంటి పార కింద పెట్టాలి. మళ్ళీ ముట్టకూడదు. పారే లేకపోతే మారెక్క ఎవరు? అదీ కాక ఊరంతా చాటుకున్న ఆ గొప్పలు! ఉలవచారు తాగిన వాళ్ళు ఊరుకుంటారా? చాటుగా కడిగేసి కిమ్మనకుండా ఉంటే ఎవరికి తెలుస్తుంది? కొసకు నీళ్ళు చేరతాయి, పరువూ నిలుస్తుంది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. రాలేదని నేను అబద్ధం చెప్పను.

కానీ ఈ వంతులో మిగిలింది రెండే రోజులు. ఇప్పుడు కడిగినా పోయిన గిన్నెలు తిరిగి రావు. కొస చూడకుండానే గడువు తీరుతుంది. పారుపత్యగాడు ఏటిదే తప్పనుకుంటాడు, పది ఇళ్ళూ బంజరు పాలవుతాయి. నోరు విప్పితేనే అవి నిలుస్తాయి. మారెక్క సంజమ్మ ఎత్తుకున్న పిండి మూట వైపు చూసింది. దోవలోకి పిండి. దాంతో ఆమె మనసు కుదుటపడింది. సిగ్గు కూడా ఎగిరిపోయింది.

"ఆ పిండి దాచిపెట్టుకో అత్తా. సంగటికి పనికొస్తాది, దోవకు కాదు," అంది.

గడువు తీరిన రోజు పారుపత్యగాడు తాటాకులతో వచ్చాడు. ఊరంతా తుమ్మచెట్టు కింద చేరింది. మారెక్క అప్పటికే మూడు విసుర్రాళ్ళు తెప్పించి పెట్టింది.

"రాసే ముందు ఒక్క గిన్నె ఓపిక పట్టు సామీ," అని ముగ్గురు ఆడవాళ్ళను పిలిచింది. కొత్త కోడలిని ఒకతెను, బాలింతను ఒకతెను, సంజమ్మను. "మీరు విసరండి మే. ఎవురు ఎంత విసురుతారో చూద్దాం."

గిన్నె తేలింది. ముగ్గురూ విసిరారు. కొత్త కోడలు అయిదు సోలలు. బాలింత నాలుగున్నర. సంజమ్మ నాలుగు. ఆ తరువాత గిన్నె బుడుంగుమంది.

"తాతలనాడు గిన్నెకు మూడు సోలలు. ఇప్పుడేమో ఊరంతా చేతులు వేగమైపోయినాయా?" అని మారెక్క నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "చేతులు కాదు సామీ. గిన్నె నిదానమైంది. ఒక్కో ఇంటికీ రెండు గిన్నెల నీళ్ళు ఎక్కువ పోతాండాయి. ఆ పోయిన నీళ్ళే కొస పది ఇళ్ళవి. ఏటి తప్పు లేదు. నాదే తప్పు."

గిన్నెను చింతపండు నీళ్ళలో ముంచి పట్టుకుంది. కాసేపటికి పసుపు గడ్డ ఊడి ఆమె అరచేతిలో పడింది. శనగబద్దంత ఉంది. అందరికీ చూపించింది. మళ్ళీ గిన్నె తేలింది, మళ్ళీ సంజమ్మ విసిరింది. మూడో సోల చివరి గుప్పెడు రాతి నోట్లో పడుతుండగానే గిన్నె బుడుంగున మునిగింది.

అప్పుడు సిద్దన్న గొంతు సవరించుకున్నాడు.

"నేను వంతుకు రెండు బొట్లు పెడతాంటి," అన్నాడు. "నా కడుపు పెద్దదని."

నవ్వు తుమ్మచెట్టు ఎక్కి కూర్చుంది. నేను ఒకటి పెట్టానంటే నేను మూడు పెట్టానని ఊరంతా ఒప్పుకోవడం మొదలుపెట్టింది. పారుపత్యగాడు తాటాకుల చాటున మొహం దాచుకుని నవ్వాడు.

"నేను ఏట్లో మూడు చోట్ల కట్టె దిగేశాను," అన్నాడు. "తొట్టిలోకి ఒక్కసారి తొంగి చూడలేదు." ఆ మూడు తాటాకులనూ నడిమికి విరిచి సంజమ్మ చేతికిచ్చాడు, సంగటి పొయ్యిలోకి.

నవ్వులు సద్దుమణిగాయి. మారెక్క పార తెచ్చి బండమీద పెట్టింది. చప్పుడు కాకుండా, మెల్లగా. కట్టుబాటు కట్టుబాటే కదా. సంజమ్మ లేచింది. ఆ అవిటి చేత్తోనే పార ఎత్తి మారెక్కకు ఇచ్చింది.

"గిన్నె తప్పితే పార దించాలన్నారు. నిజమే. తప్పు తానే పట్టుకుని, తానే చెప్పుకున్నోళ్ళ సంగతి తాతలు చెప్పలేదు. ఆళ్ళకు అట్లాంటి మనిషి తగల్లేదేమో! నీళ్ళు లేక మూడేండ్లు ఎండినోళ్ళం మేము. మేమిస్తాండాం. తీసుకో మే."

మారెక్క తీసుకుంది. బండమీద ఠంగుమని కొట్టింది. ఆ రోజు కట్టుబాటును కాస్త పక్కన పెట్టారు. నీళ్ళు తలమడికి తిరగలేదు. సిద్దన్నే ముందు నడిచి తన మడవ తన చేత్తో కట్టేశాడు. నీళ్ళు ముప్పై మళ్ళు దాటి, గలగలమంటూ కొసకు పోయాయి. అవి సంజమ్మ మడిలో అడుగుపెట్టేసరికి పిల్లా పెద్దా బురదలో దొర్లారు. ముసలివాళ్ళు కూడా దొర్లారని చెబుతారు. ఆ సాయంత్రం సంజమ్మ దోవ పిండితో సంగటి కెలికి ఊరందరికీ తలా ఒక ముద్ద పెట్టింది. ముద్దలు గోలీకాయంత ఉన్నా ఒక్కరూ చిన్నదనలేదు.

ఆ తరువాత మారెక్క చాలా ఏళ్ళు బతికింది. ప్రతి పున్నానికీ గిన్నె కడిగింది. బొట్లు పెట్టుకునేవాళ్ళ కోసం తొట్టి పక్కన ఒక రాయి పాతించింది. గొప్పలు మానేసిందా అంటే మానలేదు. గొంతు మునుపటిలాగే ఉండేది. చివరికి ఒకనాడు, కొస ఇంటి వంతు నడుస్తుండగా, ఆరో గిన్నె మునిగినా పార మోగలేదు. వెళ్ళి చూస్తే విసుర్రాతి మీద చెయ్యి వేసి నిద్రపోయినట్టు ఉంది. రాయి పక్కన పిండి కొలిచారు. సరిగ్గా మూడు సోలలు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏడాదికి మొదటి వంతు తల నుంచి మొదలుపెట్టరు. కొస నుంచి మొదలుపెడతారు. ఆ రోజు ముందు గిన్నె కడుగుతారు. ఇంటికొక విసుర్రాయి చొప్పున కాలువ గట్టున నలభై రాళ్ళు పెట్టి ఆడవాళ్ళు మూడేసి సోలలు విసురుతారు. గిన్నె మునగగానే "మారెక్కా!" అని ఊరంతా ఒక్క కేక వేస్తుంది. ఆ పిండితోనే సంగటి, మొదటి ముద్ద కొస ఇంటికి. నీళ్ళు చాలవు, ఎవరో ఒకరు పోవాలి అని ఏ పెద్దమనిషి తాటాకు పట్టుకొచ్చినా వాళ్ళు తగవు పెట్టుకోరు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "ముందు గిన్నె కడిగినావా సామీ?" అని అడుగుతారు.

ఎవరైనా తన గొప్ప తాను చెప్పుకుంటే ఇంకో మాట అడుగుతారు. "నీ చెయ్యి వేగమైందా, గిన్నె నిదానమైందా?" అని.

కథ అయిపోయింది. ఏదీ, తొట్టి ఇటు జరపండి. అయ్యో, గిన్నె ఇంకా తేలుతూనే ఉందే! నేను అంత వేగంగా ఏమీ చెప్పలేదే. నిజం చెప్పండి, మీలో ఎవరు పెట్టారు దీనికి పసుపు?